క్రెసెంట్ ఎర్రగా మాత్రమే వచ్చిందంటే ఫొటో ఇంకా సగంలోనే ఉంది

సిగ్నస్ నక్షత్రమండలంలో సాడర్ అనే నక్షత్రానికి కాస్త పక్కగా క్రెసెంట్ నెబ్యులా అనే వాయు మేఘం ఉంటుంది. కేటలాగులో దీని నంబర్ ఎన్‌జీసీ 6888. ఆస్ట్రోఫొటోగ్రఫీలోకి దిగినవాళ్లు తొందరగానే దీని జోలికి వస్తారు, ఎందుకంటే ఇది సులువుగా లొంగుతుంది. హైడ్రోజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్ ఒక్కటి ఇస్తే చాలు, పోగులు పోగులుగా అల్లుకున్న అండాకారం స్క్రీన్ మీద కనిపిస్తుంది. నాలుగైదు గంటల డేటా పోగుచేసి, ఎక్స్‌పోజర్లన్నీ ఒకదానిపై ఒకటి కలిపి (స్టాక్ చేసి), ఆ ఎర్రటి బొమ్మను పోస్ట్ చేసి తర్వాతి టార్గెట్‌కి వెళ్లిపోతారు చాలామంది.

ఆ ఫొటోలో నెబ్యులా సగమే ఉంటుంది. ఎర్రటి పోగుల బయట, వాటిని దాదాపు పూర్తిగా కప్పుతూ పల్చటి నీలి పొర ఒకటి ఉంది. అది ఆక్సిజన్ వెలుగు. రెండు గంటల డేటాలో అది నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు) కింద పడి కంటికి ఆనదు. పది, పదిహేను గంటలు దాటాక మెల్లగా తేలుతుంది. ఈ పొర అలంకారం కోసం వెతికేది కాదు, నెబ్యులా అసలు సరిహద్దు అదే. ఎంతసేపు తీయాలి, ఏ ఫిల్టర్‌తో తీయాలి, ఏ రాత్రి దేనికి కేటాయించాలి అన్న ప్రశ్నలన్నీ ఈ పొర ఎలా పుట్టిందో తెలిస్తే చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. అందుకే ముందు నక్షత్రం సంగతి, ఆ తర్వాతే కెమెరా.

మూడు గాలులు

సూర్యుడి ఆయుష్షు సుమారు 1000 కోట్ల ఏళ్లు. సూర్యుడికి 25 రెట్లు బరువున్న నక్షత్రం దగ్గర ఇంధనం 25 రెట్లు ఉన్నా, ఖర్చు మాత్రం పదుల వేల రెట్లు ఎక్కువ. 60, 70 లక్షల ఏళ్లలోనే దాని కథ ముగిసిపోతుంది. ఇంకా బరువైనవైతే అంతకన్నా ముందే. ఖగోళ లెక్కల్లో ఇది కన్నుమూసి తెరిచేంత సమయం.

ఈ కొద్దిపాటి జీవితంలో నక్షత్రం ఒకే తీరుగా ఉండదు. వయసులో ఉన్నప్పుడు అది వేడి నీలి నక్షత్రం. పల్చటి, వేగమైన గాలి వీస్తూ చుట్టూ ఉన్న అంతరిక్షాన్ని ఖాళీ చేస్తుంది. మధ్యలో హైడ్రోజన్ తరిగాక ఉబ్బి ఎర్ర సూపర్ జెయింట్ అవుతుంది. అప్పుడు వీచే గాలి నెమ్మది, కానీ చిక్కన. క్రెసెంట్ నక్షత్రం విషయంలో ఆ గాలి వేగం సెకనుకు 10 కిలోమీటర్ల లెక్కలో ఉండేదని అంచనా. సూర్యుడంత బరువును ఒకసారి కాదు, అనేకసార్లు బయటికి వదిలేస్తుంది ఈ దశలో. ఆ పై పొరలన్నీ ఊడిపోయాక లోపలి వేడి భాగం బయటపడుతుంది. అదే వుల్ఫ్-రాయే దశ.

పారిస్ అబ్జర్వేటరీలో చార్లెస్ వుల్ఫ్, జార్జెస్ రాయే అనే ఇద్దరు 1867లో సిగ్నస్‌లోనే మూడు వింత నక్షత్రాలను గుర్తించారు. మామూలు నక్షత్రాల వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) సన్నటి నల్ల గీతలు కనిపిస్తే, వీటిలో వెడల్పాటి వెలుగు పట్టీలు కనిపించాయి. సెకనుకు వెయ్యి నుంచి మూడు వేల కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్న వాయువు వల్ల గీతలు అలా వెడల్పయ్యాయని తర్వాత తెలిసింది. ఇలాంటి నక్షత్రం సుమారు లక్ష ఏళ్లలో ఒక సూర్యుడంత పదార్థాన్ని ఊదేస్తుంది. ఉపరితల ఉష్ణోగ్రత 30 వేల డిగ్రీల దగ్గర మొదలై లక్ష డిగ్రీలు దాటేవి కూడా ఉన్నాయి. సూర్యుడిది 5,500 డిగ్రీలే.

ఇప్పుడు ఈ మూడో గాలి ముందు ఏముంది? కొన్ని లక్షల ఏళ్ల కింద అదే నక్షత్రం వదిలిన నెమ్మదైన, చిక్కటి గాలి. వేగమైన గాలి దాన్ని వెనక నుంచి తరుముకొచ్చి గుద్దుతుంది. వాకిలి ఊడుస్తుంటే చెత్తంతా చీపురు ముందు పోగైనట్టు, పాత వాయువంతా ఒక గుల్లగా పోగవుతుంది. ఆ గుల్ల నున్నగా ఉండదు. తోసేది పల్చన, తోయబడేది చిక్కన కాబట్టి అంచు నిలకడ తప్పి వేళ్లుగా, పోగులుగా చీలిపోతుంది. క్రెసెంట్‌లో కనిపించే ఆ అల్లిక అలా వచ్చిందే. గుల్ల లోపల గుద్దుడు దెబ్బకు పది లక్షల డిగ్రీలు దాటి కాగిన వాయువు ఉంటుంది. అది ఎక్స్-రే టెలిస్కోపులకు దొరుకుతుంది గానీ మన కెమెరాలకు చిక్కదు.

మధ్యలో ఉన్న నక్షత్రం పేరు డబ్ల్యూఆర్ 136. ప్రకాశం 7.5 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది కాబట్టి బైనాక్యులర్‌కే అందుతుంది. నెబ్యులా దూరం సుమారు 5,000 కాంతి సంవత్సరాలు, అడ్డంగా 25 కాంతి సంవత్సరాల సైజు. పాలపుంతలో వుల్ఫ్-రాయే నక్షత్రాలు 600 పైచిలుకు తెలుసు. వాటిలో కొన్నింటికే చుట్టూ ఇలాంటి అందమైన గుల్ల ఉంది. పాత గాలి తగినంత దగ్గరగా, తగినంత చిక్కగా ఉండాలి, అది చెదిరిపోకముందే మనం చూడాలి. కొంచెం అటూ ఇటూ అయినా ఫొటో తీయడానికి ఏమీ మిగలదు.

ఆక్సిజన్ ఎందుకు బయట ఉంది

హైడ్రోజన్ వెలిగే ఎర్రటి గీత, అందరూ హెచ్-ఆల్ఫా అనేది, 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఓ-త్రీ అని పిలిచేది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ గీత, 500.7 నానోమీటర్లు, ఆకుపచ్చకీ నీలానికీ నడుమ. హైడ్రోజన్‌ను అయనీకరించడానికి, అంటే దాని ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి, 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఆక్సిజన్ నుంచి రెండో ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 35 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. చిన్నాచితకా నక్షత్రాల వల్ల అయ్యే పని కాదు.

ఈ ఆకుపచ్చ గీతకు ఒక చరిత్ర ఉంది. 1864లో విలియం హగ్గిన్స్ ఒక నెబ్యులా వర్ణపటంలో దీన్ని చూసినప్పుడు భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ పోలలేదు. నెబ్యూలియం అనే కొత్త మూలకం ఏదో ఉందని కొన్నాళ్లు నమ్మారు. 1927లో ఐరా బోవెన్ ఇది ఆక్సిజనేనని తేల్చాడు. ఉత్తేజం పొందిన ఆ అయాను వెలుగు విడుదల చేయడానికి సగటున అర నిమిషానికి పైగా ఆగాలి. ప్రయోగశాలలో ఎంత మంచి వాక్యూమ్ చేసినా ఆలోపే ఇంకో కణం వచ్చి గుద్ది ఆ శక్తిని లాగేసుకుంటుంది. నెబ్యులాలో అలా గుద్దేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ మాత్రం తీరిగ్గా వెలుగుతుంది.

ఇక ఫొటోకి పనికొచ్చే అసలు సంగతి. గుల్ల బయటికి వ్యాపిస్తుంటే దాని ముందు ఒక షాక్ తరంగం నడుస్తుంది. తరంగం దాటిన వాయువు ఒక్కసారిగా వేడెక్కి, తర్వాత చల్లబడుతుంది. చల్లబడే దారిలో ముందు ఆక్సిజన్ గీతలో, ఆ తర్వాత హైడ్రోజన్ గీతలో ఎక్కువగా వెలుగుతుంది. అంటే ఓ-త్రీ పొర షాక్ ఇప్పుడే దాటిన చోటును చూపిస్తుంది, హెచ్-ఆల్ఫా పోగులు దాని వెనక పోగుపడిన పాత సరుకును చూపిస్తాయి. క్రెసెంట్‌లో, అలాంటివే అయిన షార్ప్‌లెస్ 308, థోర్స్ హెల్మెట్ నెబ్యులాల్లో కూడా ఓ-త్రీ అంచు హెచ్-ఆల్ఫా అంచు కంటే బయట ఉండటం కొలిచి చూసిన విషయమే. మంచి ఫొటోలో క్రెసెంట్ అంచు దగ్గర జూమ్ చేస్తే ఈ వరస కళ్లకు కట్టినట్టు ఉంటుంది. లోపల ఎర్రటి ముడులు, వాటి మీద సన్నటి ఖాళీ, ఆ పైన దారంలా నీలి గీత, దాని బయట ఏమీ లేని చీకటి. హెచ్-ఆల్ఫా మాత్రమే తీసినవాళ్లకు ఈ వరసలో మొదటి మెట్టే దొరుకుతుంది.

చుట్టూ ఉన్న పరిసరం కూడా ఇదే వైపు నెడుతుంది. సిగ్నస్‌లో ఎటు చూసినా హైడ్రోజన్ పొగే. కాబట్టి హెచ్-ఆల్ఫాలో క్రెసెంట్ వెనక బ్యాక్‌గ్రౌండ్ అంతా నిండిపోయి ఉంటుంది. ఓ-త్రీలో ఆ గొడవ చాలా తక్కువ. గుల్ల మాత్రమే వేలాడుతున్నట్టు కనిపిస్తుంది.

గంటలను పంచడం

హెచ్-ఆల్ఫాకి సగం, ఓ-త్రీకి సగం అని సమానంగా పంచడం అలవాటైన పద్ధతి. ఈ నెబ్యులాల విషయంలో అది దండగ. సిగ్నల్ నాయిస్ నిష్పత్తి సమయం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. రెట్టింపు మంచి ఫలితం కావాలంటే నాలుగు రెట్లు సమయం పెట్టాలి. హెచ్-ఆల్ఫాలో అయిదు గంటలకే పోగులు శుభ్రంగా వచ్చేస్తాయి, ఆరో గంట నుంచి చేరే లాభం కంటికి కనపడనంత. అదే ఓ-త్రీ పొర అయిదు గంటల దగ్గర ఇంకా గుసగుసలాడుతుంటుంది. 20 గంటలు చేతిలో ఉంటే క్రెసెంట్‌కి 5 గంటలు హైడ్రోజన్, 15 గంటలు ఆక్సిజన్ అనుకోవడం సబబు. షార్ప్‌లెస్ 308కి అయితే ఆక్సిజన్‌కి ఇంకా ఎక్కువే ఇవ్వాలి, ఎందుకంటే అక్కడ చూడదగ్గదంతా దాదాపు ఓ-త్రీలోనే ఉంది.

అయితే ఓ-త్రీ గంటలన్నీ ఒకటే విలువ చేయవు. వాతావరణం కాంతిని చెదరగొట్టే తీరు తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. 656.3ని 500.7తో భాగించి నాలుగో ఘాతం వేస్తే 2.95 వస్తుంది. అంటే వెన్నెల ఆకాశంలో చెదిరే కాంతి ఓ-త్రీ దగ్గర హెచ్-ఆల్ఫా కంటే దాదాపు మూడు రెట్లు. చంద్రుడు ఉన్న రాత్రి ఓ-త్రీ తీయడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. వెన్నెల రాత్రులు హైడ్రోజన్‌కి, అమావాస్య దగ్గరి రాత్రులు ఆక్సిజన్‌కి అని క్యాలెండర్ ముందే గీసుకోవడం మంచిది. ఒకే రాత్రిలో కూడా ఇదే సూత్రం. టార్గెట్ తూర్పున కింద ఉన్నప్పుడు హెచ్-ఆల్ఫా, నడినెత్తికి వచ్చే ముందూ తర్వాతా ఓ-త్రీ. కింద ఉన్నప్పుడు కాంతి మందమైన గాలి పొరను దాటి రావాలి, నీలం వైపు నష్టం ఎక్కువ. ఊరి వెలుగు కూడా అలాగే. పాత సోడియం దీపాల కాంతి ఎక్కువగా పసుపు చుట్టూ ఉండేది. తెల్ల ఎల్ఈడీలు వచ్చాక 500 నానోమీటర్ల దగ్గర కూడా చెత్త పెరిగింది.

దీనికి మందు సన్నటి ఫిల్టర్. 12 నానోమీటర్ల వెడల్పు పట్టీని వదిలే ఫిల్టర్ తీసి 3 నానోమీటర్లది పెడితే నెబ్యులా కాంతి దాదాపు అంతే వస్తుంది, ఆకాశం వెలుగు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆకాశమే నాయిస్‌కి ముఖ్య కారణమైన చోట ఇది ఎక్స్‌పోజర్‌ను నాలుగు రెట్లు పెంచినంత లాభం. కాబట్టి డబ్బు ఒక్క ఫిల్టర్ మీదే పెట్టగలిగితే అది 3 నానోమీటర్ల ఓ-త్రీ కావాలి. చాలామంది ఉల్టా చేస్తారు, హెచ్-ఆల్ఫాకి ఖరీదైనది కొని ఓ-త్రీకి ఏదో ఒకటి సరిపెట్టుకుంటారు.

హెచ్-ఆల్ఫా ఫిల్టర్ మరీ సన్నగా ఉంటే క్రెసెంట్ దగ్గర ఒక తిరకాసు కూడా ఉంది. హైడ్రోజన్ గీతకు రెండు పక్కలా నైట్రోజన్ గీతలు ఉన్నాయి, 654.8, 658.3 నానోమీటర్ల దగ్గర. 7 నానోమీటర్ల ఫిల్టర్ మధ్య నుంచి అటూ ఇటూ మూడున్నర వదులుతుంది కాబట్టి మూడు గీతలూ లోపలికి వస్తాయి. 3 నానోమీటర్ల ఫిల్టర్ ఒకటిన్నర దగ్గరే తలుపు మూసేస్తుంది, రెండింటిలో బలమైన 658.3 గీత బయటే ఉండిపోతుంది. మామూలు నెబ్యులాల్లో ఈ తేడా పెద్దగా బాధించదు. కానీ క్రెసెంట్ వాయువు నక్షత్రం లోపలి నుంచి వచ్చింది. అక్కడ కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ చక్రంలో హైడ్రోజన్ మండుతూ కార్బన్‌నీ ఆక్సిజన్‌నీ చాలావరకు నైట్రోజన్‌గా మార్చేసింది. ఆ నైట్రోజనే ఇప్పుడు పోగుల్లో గట్టిగా వెలుగుతోంది. కాబట్టి ఈ టార్గెట్‌కి హెచ్-ఆల్ఫా పేరుతో అమ్మే 6, 7 నానోమీటర్ల ఫిల్టర్ ఎక్కువ వెలుతురు ఇస్తుంది. శుద్ధమైన హైడ్రోజన్ మ్యాప్ కావాలంటే వేరే మాట. సల్ఫర్ సంగతికొస్తే, క్రెసెంట్‌లో అది చాలా బలహీనం. హబుల్ రంగుల (సల్ఫర్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లకు ఒక్కో రంగు ఇచ్చే పద్ధతి) కోసం సల్ఫర్ మీద రాత్రులు ఖర్చు పెట్టడం కంటే ఆ గంటలు కూడా ఓ-త్రీకి ఇచ్చేయడం తెలివైన పని.

టెలిస్కోప్ ఎఫ్/2 లాంటి వేగమైనదైతే, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వ్యాసానికి రెండింతలే ఉండేదైతే, ఇంకో జాగ్రత్త ఉంది. వాలుగా వచ్చే కిరణాలకు ఫిల్టర్ వదిలే పట్టీ నీలం వైపు జరుగుతుంది. 3 నానోమీటర్ల ఫిల్టర్‌లో ఆ జరుగుడుకే గీత సగం బయటపడిపోవచ్చు. వేగమైన ఆప్టిక్స్ కోసం ముందే సర్దుబాటు చేసిన ఫిల్టర్లు దొరుకుతాయి, అవే వాడాలి.

మోనో (నలుపు-తెలుపు) కెమెరా లేనివాళ్లు ఇక్కడ దిగులు పడనక్కర్లేదు. కలర్ సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లలో ఒకటే ఎరుపు, రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం. హెచ్-ఆల్ఫా ఆ ఒక్క పిక్సెల్‌కే పడుతుంది. ఓ-త్రీ ఆకుపచ్చకీ నీలానికీ మధ్యన ఉండటంతో మిగతా మూడింటిలోనూ ఎంతో కొంత పడుతుంది. రెండు గీతలనూ ఒకేసారి వదిలే డ్యూయల్ న్యారోబ్యాండ్ ఫిల్టర్ పెట్టి రాత్రంతా వదిలేస్తే, కష్టమైన గీతకే ఎక్కువ పిక్సెళ్లు దక్కే ఏర్పాటు తనంతట తానే అయిపోతుంది. మార్పు చేయని డీఎస్ఎల్ఆర్ మాత్రం హెచ్-ఆల్ఫాను లోపలి ఫిల్టర్‌తో చాలావరకు ఆపేస్తుంది. విచిత్రంగా, ఓ-త్రీ విషయంలో దానికి ఆ లోటు లేదు.

ఒక్కో ఎక్స్‌పోజర్ ఎంత పొడుగు ఉండాలన్నది సన్నటి ఫిల్టర్ వచ్చాక మారుతుంది. ఆకాశం నుంచి పడే ఎలక్ట్రాన్లు కెమెరా రీడ్ నాయిస్ (ఒక్కో ఫ్రేమ్‌ను చదివేటప్పుడు కెమెరా కలిపే నాయిస్) వర్గానికి పది రెట్లు అయితే చాలు, అంతకన్నా పొడిగించి లాభం లేదు. రీడ్ నాయిస్ 1.5 ఎలక్ట్రాన్లు అనుకుంటే వర్గం 2.25, అంటే 22 ఎలక్ట్రాన్లు కావాలి. చీకటి ఆకాశం కింద పిక్సెల్‌కి సెకనుకు 0.05 ఎలక్ట్రాన్ వస్తుంటే 450 సెకన్లు పడుతుంది. రెండు నిమిషాల సబ్‌లు (విడి ఎక్స్‌పోజర్లు) వందలకొద్దీ తీసి ఓ-త్రీ పొర రావట్లేదేమిటని టెన్షన్ పడేవాళ్ల సమస్య తరచుగా ఇక్కడే ఉంటుంది. గైడింగ్ (నక్షత్రాన్ని వెంబడించే ఏర్పాటు) బాగున్నంతవరకు 300 నుంచి 600 సెకన్ల మధ్య ఉండటం మేలు.

ఎక్కడ గురిపెట్టాలి

3.76 మైక్రాన్ పిక్సెళ్లున్న కెమెరాను 500 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్‌కి తగిలిస్తే ఒక్కో పిక్సెల్ 1.55 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) చూస్తుంది. క్రెసెంట్ పొడుగు 18 ఆర్క్ నిమిషాలు, అంటే సుమారు 700 పిక్సెళ్లు. అల్లిక చూడాలంటే ఇది కొంచెం తక్కువే, 1000 మిల్లీమీటర్లయితే హాయిగా ఉంటుంది. అయినా 500 దగ్గర ఒక లాభం ఉంది. అదే ఫ్రేమ్‌లో, క్రెసెంట్‌కి ముప్పావు డిగ్రీ కన్నా తక్కువ దూరంలో సోప్ బబుల్ నెబ్యులా పడుతుంది. సూర్యుడిలాంటి చిన్న నక్షత్రం మెల్లగా చచ్చిపోతూ వదిలిన గుండ్రటి బుడగ అది. ఎంత మసకగా ఉంటుందంటే, ఇన్ని వేలమంది ఫొటోలు తీసే ఈ చోట 2008 దాకా దాన్ని ఎవరూ ప్రకటించలేదు. పట్టుకున్నది ఒక ఔత్సాహిక పరిశీలకుడే. భారీ నక్షత్రం చేసిన చిందరవందర గుల్ల ఒకవైపు, చిన్న నక్షత్రం చేసిన నున్నటి బుడగ ఇంకోవైపు ఒకే ఫ్రేమ్‌లో దొరకడం అరుదు. అదీ ఓ-త్రీ గంటలకు దక్కే కొసరే.

క్రెసెంట్‌కి రెండు డిగ్రీల దక్షిణంగా డబ్ల్యూఆర్ 134 ఉంది, 1867లో గుర్తించిన మూడింటిలో ఒకటి. దాని చుట్టూ ఉన్న చాపం పూర్తిగా ఓ-త్రీ బొమ్మే అనుకోవచ్చు. 250 మిల్లీమీటర్ల లెన్స్‌తో రెండూ ఒక్క ఫ్రేమ్‌లో సర్దుకుంటాయి.

ఇక షార్ప్‌లెస్ 308. కానిస్ మేజర్‌లో, సిరియస్‌కి కింద వైపు. డాల్ఫిన్ తల ఆకారం వల్ల అందరికీ నచ్చుతుంది, ప్రాణం తీస్తుంది కూడా. మధ్యనున్న నక్షత్రం డబ్ల్యూఆర్ 6, గుల్ల వయసు సుమారు 70 వేల ఏళ్లు, ఆకాశంలో సైజు 40 ఆర్క్ నిమిషాల దగ్గర, అంటే పున్నమి చంద్రుడి కంటే పెద్దది. అంచు దగ్గరే ఒమిక్రాన్-1 కానిస్ మేజరిస్ అనే నారింజ రంగు సూపర్ జెయింట్ ఉంది. ఓ-త్రీ ఫిల్టర్ నాసిరకమైతే దాని చుట్టూ పెద్ద వెలుగు వలయం వచ్చి గుల్ల అంచుతో కలిసిపోతుంది. ఏది నెబ్యులా, ఏది ఫిల్టర్ వెనక నుంచి వచ్చిన ప్రతిబింబం అని తేల్చుకోవడం తర్వాత కష్టం. మైనస్ 24 డిగ్రీల డిక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖకు 24 డిగ్రీలు దక్షిణం) కాబట్టి ఉత్తరాన దూరంగా ఉన్నవాళ్లకు ఇది దిగంతం దగ్గరే తిరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవాళ్లకు జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో బాగా పైకొస్తుంది.

థోర్స్ హెల్మెట్ చిన్నది, ప్రకాశవంతమైనది, ఓ-త్రీలో బలమైనది. తొలిసారి ఓ-త్రీ ప్రయత్నించేవాళ్లకు నిరాశ కలిగించని టార్గెట్. క్యాసియోపియాలోని బబుల్ నెబ్యులా వేరే కోవ. దాని నక్షత్రం ఇంకా వుల్ఫ్-రాయే దశకు రాలేదు, మొదటి గాలి దశలోనే ఉన్న భారీ నక్షత్రం. ఒకవైపు వాయువు చిక్కగా ఉండటంతో అటువైపు బుడగ తక్కువ సాగింది, నక్షత్రం మధ్యన కాకుండా పక్కకు కనిపిస్తుంది. డబ్ల్యూఆర్ 124 చుట్టూ ఉన్న ఎం1-67 జేమ్స్ వెబ్ ఫొటోతో 2023లో బాగా ప్రచారంలోకి వచ్చింది గానీ, 15,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ చిన్న నెబ్యులాకి 500 మిల్లీమీటర్లతో వెళ్లడం వృథా ప్రయాస.

ప్రాసెసింగ్‌లో పొర పోకుండా

గంటలకొద్దీ తీసిన పొరను చివర్లో సాఫ్ట్‌వేర్‌తో చేజేతులా చెరిపేసుకోవడం చాలా తేలిక. మొదటి ప్రమాదం గ్రేడియంట్ (ఫ్రేమ్‌లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే ఆకాశం వెలుగు) తొలగింపు. షార్ప్‌లెస్ 308 లాంటి పెద్ద, మసక గుల్లను ఆటోమేటిక్ టూల్ ఆకాశం వెలుగు హెచ్చుతగ్గుగా పొరబడి తీసేస్తుంది. నమూనా బిందువులు చేత్తో పెట్టి, గుల్ల లోపల ఒక్కటీ పడకుండా చూసుకోవాలి. అంతకు ముందే ఫ్లాట్ ఫ్రేమ్‌లు (సమానమైన వెలుగుకు ఎదురుగా తీసే సర్దుబాటు ఫొటోలు) ప్రతి ఫిల్టర్‌కీ విడిగా తీసి ఉండాలి, లేకపోతే ధూళి మచ్చలకూ నెబ్యులాకూ తేడా తెలియదు.

రెండోది, రెండు ఛానెళ్లను కలిపాక స్ట్రెచ్ చేయడం, అంటే మసక భాగాలు కనపడేలా వెలుగు పెంచడం. బలమైన హెచ్-ఆల్ఫా ఓ-త్రీని మింగేస్తుంది. నక్షత్రాలను స్టార్‌నెట్ లాంటి టూల్‌తో ముందే వేరుచేసి, ఒక్కో ఛానెల్‌ను విడిగా స్ట్రెచ్ చేసి, ఆ తర్వాత హెచ్-ఆల్ఫాను ఎరుపుకి, ఓ-త్రీని ఆకుపచ్చ, నీలాలకి ఇవ్వాలి. ఈ పనికి ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్ కూడా సరిపోతుంది. నక్షత్రాల రంగుల కోసం మామూలు రంగు ఫిల్టర్లతో ఒక అరగంట తీసి పెట్టుకుంటే, ఒమిక్రాన్-1 లాంటి వాటి నారింజ రంగు పోదు.

మూడోది ఈమధ్య పెరిగిన రోగం. ఏఐ డీనాయిజ్, షార్పెనింగ్ టూల్స్ నాయిస్‌ను చూసి పోగులు ఊహించేస్తాయి. వుల్ఫ్-రాయే గుల్లలు సహజంగానే పోగుల మయం కాబట్టి ఇక్కడ ఆ కల్పన ఇట్టే కలిసిపోతుంది, చూసేవాడికి అనుమానం కూడా రాదు. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. 15 గంటల ఓ-త్రీ సబ్‌లను సరి సంఖ్యలవి ఒకవైపు, బేసి సంఖ్యలవి ఒకవైపు విడదీసి రెండు స్టాక్‌లు చేయాలి. రెండింటికీ అక్షరాలా ఒకే ప్రాసెసింగ్ ఇచ్చి, బ్లింక్‌లో ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. అసలు వాయువు రెండింటిలోనూ అదే పిక్సెల్ మీద ఉంటుంది, నాయిస్ నుంచి పుట్టిన పోగు చోటు మారుతుంది లేదా మాయమవుతుంది. ఫిల్టర్ ప్రతిబింబాలు, గ్రేడియంట్ మాత్రం రెండు స్టాక్‌లలోనూ ఉంటాయి గనుక ఈ పరీక్షకు దొరకవు. వాటికి మెరిడియన్ ఫ్లిప్‌కి (టార్గెట్ నడినెత్తి గీత దాటాక టెలిస్కోప్‌ను మౌంట్ రెండో పక్కకి తిప్పడానికి) ముందు తీసినవీ తర్వాత తీసినవీ విడదీసి పోల్చాలి. ఫ్లిప్‌తో కెమెరా ఆకాశానికి తలకిందులవుతుంది కాబట్టి, పక్కకు పడిన ప్రతిబింబం నక్షత్రానికి అవతలి వైపుకి దూకవచ్చు. గ్రేడియంట్ కూడా మారుతుంది. గుల్ల అంచు కదలదు.